కంటిని రెప్ప కాస్తుంది.. రెప్పను కాసేదెవరు?

గత జనవరిలో హైదరాబాద్ నుంచి డాలస్ తిరిగి వస్తూ శంషాబాద్ ఎయిర్‌పోర్టులో నల్లకళ్లద్దాలు తీయకుండా తిరిగాను. తెల్లవారుజామున మూడు గంటలకు నల్లకళ్లద్దాలు పెట్టుకున్న మనిషిని ఎవరైనా వింతగానే చూస్తారు. ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర మాత్రం తీయక తప్పలేదు. ఆఫీసర్ నా ముఖం వంక, పాస్‌పోర్టు ఫొటో వంక రెండు మూడుసార్లు చూసి ‘ఏమైంది సార్?’ అని అడిగారు. ‘చిన్న ఆపరేషన్’ అన్నాను. విమానంలో పక్క సీటాయన అడిగితే ఆ మాట కూడా చెప్పలేక ‘కళ్లకలక’ అనేశాను. పాపం ఆయన దోహా దాకా నా వైపు తిరగలేదు.

అది కళ్లకలక కాదు. వారం రోజుల కిందట పై రెప్పలకు కాస్మెటిక్ సర్జరీ చేయించుకున్నాను. కుట్లు విప్పింది ముందు రోజే. నా వయసు 46. ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. మా నాన్నవి వాలిన రెప్పలు, నావీ అంతే. చిన్నప్పుడు ‘అచ్చం నాన్న కళ్లే’ అని చుట్టాలు మురిసిపోయేవాళ్లు. కొవిడ్ తర్వాత రోజూ ఐదారు వీడియో మీటింగులు మొదలయ్యాక ఆ కళ్లే నాకు బరువయ్యాయి. ‘ఆర్ యూ టైర్డ్?’ అని నా కంటే పదిహేనేళ్లు చిన్నవాడైన మేనేజర్ రెండోసారి అడిగిన రోజున డాక్టర్ కోసం వెతకడం మొదలుపెట్టాను.

ఇంత సొంత సంగతి పేపర్లో ఎందుకంటే, ఇది నా ఒక్కడి కథ కాదని తర్వాత తెలిసింది. ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. ఆ గంటసేపు జరిగే ఆపరేషన్ కోసం నెలల తరబడి వెతుకుతాం, ధరలు పోలుస్తాం, ఫొటోలు చూస్తాం. ఆ తర్వాత నెలల తరబడి సాగే కోలుకోవడం గురించి మాత్రం ఒక్క పూట కూడా ఆలోచించం. విదేశాల్లో ఉండి స్వదేశంలో ఆపరేషన్ చేయించుకునే మనలాంటివాళ్లకు అసలు చిక్కు అక్కడే ఉంది.

మొదటి స్థానంలో కనురెప్పలు

కాస్మెటిక్ సర్జరీ అంటే ముక్కో, పొట్ట కొవ్వో గుర్తొచ్చే రోజులు మారాయి. ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఈస్తటిక్ ప్లాస్టిక్ సర్జరీ 2025లో విడుదల చేసిన సర్వే ప్రకారం 2024లో ప్రపంచంలో అన్నింటికంటే ఎక్కువగా జరిగిన కాస్మెటిక్ సర్జరీ కనురెప్పలదే. 21 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 13.4 శాతం పెరుగుదల. అప్పటిదాకా ముందున్న లైపోసక్షన్ రెండో స్థానానికి జారింది.

కారణాలు ఊహించలేనివేం కావు. రోజంతా స్క్రీన్ మీద మన ముఖం మనమే చూసుకుంటున్నాం. అద్దం ముందు ఇంతసేపు నిలబడిన తరం మనకు ముందు లేదు. దీనికి తోడు ఉద్యోగ భయం. అమెరికాలో 40 ఏళ్లు దాటిన ఉద్యోగులపై వయసు వివక్ష చూపకూడదని 1967 నుంచే చట్టం ఉంది. చట్టం ఉన్నా, ప్రతి లేఆఫ్ సీజన్‌లో ముసలివాడిలా కనబడకూడదన్న ఆలోచన నలభైలు దాటిన మనవాళ్లలో తొలుస్తూనే ఉంటుంది. ఇది ఆడవాళ్ల వ్యవహారమని ఇప్పటికీ అనుకుంటున్నవాళ్లు మా ఆదివారం బ్యాడ్మింటన్ బ్యాచ్‌లో ఒకసారి కూర్చుని వింటే అభిప్రాయం మార్చుకుంటారు.

మూడో కారణం ఖర్చు. అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ల సొసైటీ చెప్పే సగటు ప్రకారం పై రెప్పలకైనా, కింది రెప్పలకైనా సర్జన్ ఫీజే మూడు నుంచి నాలుగు వేల డాలర్ల మధ్య ఉంటుంది. మత్తుమందు, ఆపరేషన్ థియేటర్, మందుల ఖర్చు దీనికి అదనం. ఇండియాలో అందులో కొంత భాగంతోనే అంతా పూర్తవుతుంది. పైగా హైదరాబాద్ కంటి వైద్యానికి పేరున్న నగరం. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పేరు తెలియని తెలుగువాళ్లు ఉండరు. అక్కడి డాక్టర్ల చేతి నైపుణ్యం మీద నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు. నా లెక్క తప్పింది క్యాలెండర్ దగ్గర.

మూడు వారాల సెలవులో ఏం పడుతుంది?

మన ఇండియా ట్రిప్ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. పెళ్లి, గృహప్రవేశం, అమ్మానాన్నల హెల్త్ చెకప్, బ్యాంకు పని, పొలం కాగితాలు, తిరుపతి. వీసా మీద ఉన్నవాళ్లకు స్టాంపింగ్ అదనం. 2025 సెప్టెంబర్ 2 నుంచి చాలా వీసాలకు ఇంటర్వ్యూ మినహాయింపు పోయాక, ఇండియా వెళ్లడమంటేనే జంకుతున్నారు. ఎలాగూ వెళ్తున్నాం కదా అని వాయిదా వేసిన పనులన్నీ ఒక్క ట్రిప్పులోకే కుక్కుతున్నారు.

నాది 18 రోజుల సెలవు. బాబాయి కూతురి పెళ్లి మొదటి వారంలో ఉంది. పెళ్లి ఫొటోల్లో వాచిన కళ్లతో కనబడకూడదని ఆపరేషన్ పదకొండో రోజుకు పెట్టుకున్నాను. పదిహేడో రోజు కుట్లు విప్పించుకుని, పద్దెనిమిదో రోజు విమానం ఎక్కాను. ప్రాజెక్ట్ ప్లాన్‌లా పక్కాగా ఉందనుకున్నాను. టెస్టింగుకు ఒక్క రోజు కూడా ఉంచని ప్రాజెక్ట్ ప్లాన్ అది.

శరీరం పాటించే క్యాలెండర్ వేరే ఉంది. పై రెప్ప ఆపరేషన్ సాధారణంగా ఆ చోటు వరకే మత్తు ఇచ్చి చేస్తారు. వదులైన చర్మాన్ని, అవసరమైతే కొంచెం కొవ్వును తీసి, రెప్ప ముడతలో కలిసిపోయేలా కుట్లు వేస్తారు. కింది రెప్పలకైతే సంచుల్లా ఉబ్బిన కొవ్వును తీయడమో, సర్దడమో చేస్తారు. వాపు, కమిలిన నలుపు మొదటి రెండు మూడు రోజుల్లో పెరుగుతాయి. కుట్లు ఐదు నుంచి ఏడు రోజుల మధ్య విప్పుతారు. నలుగురిలోకి వెళ్లగలిగే రూపం రావడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. మిగిలిన సన్నటి వాపు తీయడానికి వారాలు, గీత రంగు తగ్గి చర్మంలో కలిసిపోవడానికి నెలలు పడుతుంది. డాక్టర్ చూపించిన ‘తర్వాత’ ఫొటో ఆ చివరి రోజుది. మనం మాత్రం దాన్ని ఐదో రోజు అద్దంలో వెతుక్కుంటాం.

విమాన ప్రయాణం గురించి కూడా స్పష్టమైన సలహా ఉంది. ముఖం, కనురెప్పలు, ముక్కుకు కాస్మెటిక్ సర్జరీ చేయించుకున్నవాళ్లు 7 నుంచి 10 రోజులు ఆగి విమానం ఎక్కాలన్న సర్జన్ల సూచనను అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ తన ప్రయాణికుల మార్గదర్శకాల్లో పెట్టింది. అది కనీస గడువు. నేను ఎక్కింది సరిగ్గా ఏడో రోజు. విమానం లోపల గాలిలో తేమ 20 శాతం కంటే తక్కువే ఉంటుంది. అప్పటికింకా సరిగ్గా మూసుకోని కళ్లతో ఆ గాలిలో ఇరవై గంటలకు పైగా కూర్చున్నాను.

తొమ్మిదో రోజు డాక్టర్ ఎవరు?

డాలస్ చేరిన రెండో రోజు పొద్దున ఎడమ కంట్లో ఇసుక పోసినట్టుగా మంట. నిద్రలో ఆ కన్ను సన్నగా తెరుచుకునే ఉంటోందని మా ఆవిడ చెప్పింది. వాపు వల్ల, రెప్ప కండరం ఇంకా బలం పుంజుకోకపోవడం వల్ల కొందరిలో కొన్నాళ్లు ఇలా ఉంటుంది. ఆఫీసు మొదలయ్యేసరికి మంట ఇంకా పెరిగింది. దానికీ కారణముంది. మామూలుగా మనిషి నిమిషానికి దాదాపు 15 సార్లు రెప్ప వేస్తాడు. కంప్యూటర్ ముందు అది ఐదు నుంచి ఏడు సార్లకు పడిపోతుంది. రెప్ప వేసినప్పుడల్లా కంటి మీద కన్నీటి పొర పరుచుకుంటుంది. కొత్తగా కుట్లు విప్పిన రెప్పతో రోజుకు పది గంటలు కోడ్ చూస్తే ఆ పొర ఎండిపోక ఏమవుతుంది?

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసిన చోటికి వాట్సాప్‌లో ఫొటో పంపాను. కోఆర్డినేటర్ నుంచి ‘నార్మల్ సర్, సెటిల్ అవుతుంది’ అని జవాబు వచ్చింది. మర్నాడు మళ్లీ అడిగితే డాక్టర్ గారు కాన్ఫరెన్స్‌లో ఉన్నారన్నారు. ఇక్కడ రెండు క్లినిక్కులకు ఫోన్ చేశాను. ‘వేరే డాక్టర్ చేసిన కాస్మెటిక్ సర్జరీ ఫాలోఅప్ మేం చూడం, ఎమర్జెన్సీ అయితే ఈఆర్‌కు వెళ్లండి’ అని ఇద్దరూ ఒకే మాట చెప్పారు. నాకు కోపం వచ్చింది. తర్వాత చల్లగా ఆలోచిస్తే వాళ్ల వైపు నుంచి అందులో తప్పు కనబడలేదు. ఎంత చర్మం తీశారో, కొవ్వు తీశారో లేదో వాళ్లకు తెలియదు. నా దగ్గర ఉన్నది ఒక బిల్లు, ఒక మందుల చీటీ. చేతిలో ఆపరేషన్ నోట్ లేని పేషెంట్ అంటే డాక్యుమెంటేషన్ లేని పాత కోడ్ లాంటివాడు. ముట్టుకుంటే బాధ్యత నెత్తిన పడుతుంది.

చివరికి మామూలుగా కళ్లద్దాల కోసం వెళ్లే ఆప్టోమెట్రిస్ట్ చూసింది. పసుపు రంగు చుక్క వేసి నీలం వెలుతురులో పరీక్షిస్తే నల్లగుడ్డు మీద కింది భాగంలో ఎండిన మరకలు కనిపించాయి. పగలు గంట గంటకూ చుక్కల మందు, రాత్రి చిక్కటి ఆయింట్‌మెంట్, పడుకునే ముందు రెప్పకు మెత్తటి టేపు. తగ్గడానికి ఆరు వారాలు పట్టింది. ఇంకో వారం అశ్రద్ధ చేసి ఉంటే పుండు పడేదని ఆమె చెప్పినప్పుడు మాత్రం కాళ్లు వణికాయి. కళ్లు పోతే నా వృత్తి ఏముంది?

రెండు దేశాల మధ్య పడిన పేషెంట్

నా అనుభవాన్ని పక్కన పెట్టి ఏర్పాట్లను చూద్దాం. అమెరికాలో డాక్టర్ లైసెన్స్ రాష్ట్రాలవారీగా ఉంటుంది. పేషెంట్ ఏ రాష్ట్రంలో కూర్చుంటే ఆ రాష్ట్ర లైసెన్స్ ఉన్న డాక్టరే వైద్యం చేయాలన్నది సాధారణ నియమం. హైదరాబాద్ డాక్టర్ వీడియోలో చూసి మందు పేరు చెప్పినా, ఆ చీటీ మీద ఇక్కడి ఫార్మసీ సాధారణంగా మందు ఇవ్వదు. మన సర్జన్ ఎంత మంచివాడైనా మనం విమానం ఎక్కిన క్షణం నుంచి సలహా ఇవ్వగలడే తప్ప వైద్యం చేయలేడు.

ఇక్కడ మెడికేర్ లెక్కల్లో ఇలాంటి పెద్ద ఆపరేషన్ల ఫీజులో ఆ తర్వాత 90 రోజుల మామూలు ఫాలోఅప్ కూడా కలిసే ఉంటుంది. కోసిన చేయే కోలుకునేదాకా చూడాలన్నది దాని వెనకున్న ఆలోచన. మనం మిగుల్చుకున్నామనుకుంటున్న డాలర్లలో చాలా భాగం ఈ 90 రోజుల కాపలా ఖర్చే. దాన్ని వదులుకుని, ధర తక్కువ పడిందని సంతోషిస్తున్నాం.

డబ్బు విషయంలో ఇంకో మూడు సంగతులు తెలుసుకోవాలి. ఒకటి, కేవలం అందం కోసం చేసే ఆపరేషన్‌కు హెచ్‌ఎస్‌ఏ డబ్బు వాడకూడదు. రెండు, ఫ్యామిలీ మెడికల్ లీవ్ చట్టం కింద మామూలు కాస్మెటిక్ సర్జరీకి సెలవు రాదు. ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినా, తర్వాత కాంప్లికేషన్ వచ్చినా మాత్రం అది వర్తించే అవకాశం ఉంది. ఈ మాట నాకు ముందే తెలిసి ఉంటే కెమెరా ఆఫ్ చేసుకుని మంటతో మీటింగుల్లో కూర్చునేవాడిని కాదు. మూడు, వాలిన రెప్ప చూపుకు అడ్డం వస్తుంటే అది అందం కోసం చేసే ఆపరేషన్ కిందికి రాదు, వైద్య అవసరం కిందికి వస్తుంది. రెప్పను మామూలుగా ఉంచి ఒకసారి, టేపుతో పైకి లాగి ఇంకోసారి చూపు విస్తీర్ణం పరీక్ష చేస్తారు. తేడా తగినంత ఉండి, ఫొటోలూ దానికి సరిపోతే చాలా ఇన్సూరెన్సులు ఖర్చు భరిస్తాయి. ఇండియా టికెట్ కొనే ముందు ఆ పరీక్ష చేయించుకోండి. నేను చేయించుకోలేదు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు విమానం నాలుగు గంటలే కావచ్చు. కానీ సెలవు దొరకడం, స్పాన్సర్ అనుమతి, టికెట్ ఖర్చు కలిపి చూస్తే ఫాలోఅప్ కోసం వారానికోసారి వచ్చి వెళ్లలేరు. బ్రిటన్‌లో కేవలం అందం కోసం చేసే ఆపరేషన్లను ఎన్‌హెచ్‌ఎస్ సాధారణంగా భరించదు. అత్యవసరమైతే చూస్తుంది, నచ్చలేదని సరిచేయమంటే చేయదు. దేశం మారినా, విమానం దిగాక మనల్ని చూసే డాక్టర్ ఎవరన్న ప్రశ్న అదే.

దాచడం వల్ల వచ్చే కష్టం

మన ఇళ్లలో శుక్లాల ఆపరేషన్ జరిగితే ఊరంతా ఫోన్ చేస్తుంది. చుక్కల మందు వేశారా, తలస్నానం చేయించారా అని పది మంది అడుగుతారు. కాస్మెటిక్ సర్జరీకి అదే కంట్లో అదే చుక్కల మందు వేయాలి, కానీ అడిగేవాళ్లు ఒక్కరూ ఉండరు. ఎందుకంటే మనం ఎవరికీ చెప్పం. గుంటూరులో ఉన్న అమ్మకు కూడా చెప్పకుండా హైదరాబాద్‌లో స్నేహితుడి ఫ్లాట్‌లో ఉండిపోయాను. వంగి సూట్‌కేస్ సర్దుకోకూడదు, బరువులు ఎత్తకూడదు, తల ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి అన్నవి కాగితం మీద చదివాను. చివరి రాత్రి 23 కిలోల పెట్టెలు రెండు ఒక్కడినే తూకం వేసుకున్నాను. అమ్మ పక్కన ఉంటే ఆ పెట్టెల మీద నన్ను చెయ్యి వేయనిచ్చేదా?

కోలుకున్నాక ఒక ఆదివారం బ్యాడ్మింటన్ అయ్యాక నలుగురిలో ఈ సంగతి చెప్పేశాను. వెక్కిరిస్తారనుకున్నాను. ఇద్దరు పార్కింగ్ లాట్‌లో ఆగి తమ అనుభవాలు చెప్పారు. ఒకాయన భార్య కింది రెప్పలకు చేయించుకున్నారు. సంచులు పోయాయి కానీ కళ్ల కింద నలుపు అలాగే ఉందని ఆమె బాధ. కళ్ల చుట్టూ నలుపు మనలాంటి చర్మంలో చాలావరకు రంగు వల్ల వచ్చేదని, కొవ్వు తీసినంత మాత్రాన ఆ రంగు పోదని ఆమెకు ముందుగా ఎవరూ విడమర్చి చెప్పలేదు. ఇంకొకాయన రెండు కళ్లూ సమానంగా లేవని మూడో వారంలోనే రెండో ఆపరేషన్ కోసం తిరుగుతున్నాడు. వాపు రెండు వైపులా ఒకేలా తీయదు. కన్ను మూతపడక నల్లగుడ్డుకు ముప్పు ఉంటే తప్ప, దిద్దుబాటు ఆపరేషన్‌కు కనీసం కొన్ని నెలలు ఆగమనే సర్జన్లు చెబుతారు. ఎవరికీ చెప్పుకోలేనివాడు రాత్రి రెండు గంటలకు ఫోన్ కెమెరాలో తన కళ్లను తానే కొలుచుకుంటూ కూర్చుంటాడు.

ఏది ఆగుతుంది, ఏది ఆగదు?

నేను డాక్టర్‌ను కాను. అయితే దేనికి ఓపిక పట్టాలి, దేనికి పరుగెత్తాలి అన్న తేడా ప్రతి పేషెంట్ ఇంట్లోనూ కనీసం ఇంకొకరికి తెలిసి ఉండాలి.

కమిలిన నలుపు, బిగుతు, గీత దగ్గర మొద్దుబారడం, దురద, కొద్దిపాటి నీరు కారడం, రెండు కళ్ల మధ్య స్వల్ప తేడా మామూలే. కాలమే తగ్గిస్తుంది. మంట, పొడిబారడం, నిద్రలో కన్ను మూతపడకపోవడం ఉంటే రెండు మూడు రోజుల్లో కంటి డాక్టర్‌కు చూపించాలి. వాట్సాప్ ఫొటోలో నల్లగుడ్డు మీది మరకలు కనబడవు. పెరుగుతున్న ఎరుపు, చీము, జ్వరం ఉంటే అదే రోజు వెళ్లాలి.

ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి, కన్ను రాయిలా గట్టిపడి ముందుకు ఉబకడం, చూపు మసకబారడం కనిపిస్తే మాత్రం ఫోన్లు చేస్తూ కూర్చోకుండా ఎమర్జెన్సీకి పరుగెత్తాలి. కంటి వెనక రక్తం చేరి నరం మీద ఒత్తిడి పడుతుండవచ్చు. ఇది అరుదు. 2004లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనం ప్రకారం దాదాపు 2,000 మందిలో ఒకరికి ఇలా రక్తస్రావం జరుగుతుంది. శాశ్వతంగా చూపు పోయేది దాదాపు 22,000 మందిలో ఒకరికి. ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే వస్తుంది, తర్వాత కూడా రావచ్చు. ఆ ఒత్తిడిని వెంటనే తగ్గిస్తే చూపు దక్కుతుంది. అందుకే ఆ మొదటి రాత్రి పక్కన మనిషి లేకుండా హోటల్ గదిలో పడుకోవడం తెలివైన పని కాదు.

టికెట్ కంటే ముందు

మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తే నేను ఏం చేస్తానో చెబుతాను.

ముందు ఇక్కడే కంటి డాక్టర్‌తో పొడిబారే సమస్య ఉందేమో చూపించుకుంటాను. లేసిక్ చేయించుకున్నవాళ్లు, థైరాయిడ్, షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఆ విషయాలను సర్జన్ ముందు తప్పనిసరిగా పెట్టాలి. లేసిక్ తర్వాత కనీసం ఆరు నెలలు ఆగమనడం మామూలు. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే వాటిని రాసిన డాక్టర్‌ను అడగకుండా సొంతంగా ఆపకూడదు, చెప్పకుండా దాచకూడదు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్‌తో పాటు మనం మందులుగా లెక్కపెట్టని ఫిష్ ఆయిల్, విటమిన్ ఈ, వెల్లుల్లి మాత్రలు, పసుపు క్యాప్సూళ్లు కూడా ఆ జాబితాలో చెప్పాలి.

సర్జన్ చదువును అడగడానికి మొహమాటపడను. కంటి వైద్యంలో పీజీ చేసి రెప్పల సర్జరీలో ప్రత్యేక శిక్షణ తీసుకున్న ఆక్యులోప్లాస్టిక్ సర్జన్ గానీ, ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ చేసిన ప్లాస్టిక్ సర్జన్ గానీ అయి ఉండాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిళ్లలో రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోవాలి. ‘స్కిన్ అండ్ హెయిర్’ అని బోర్డు ఉన్నంత మాత్రాన రెప్ప కోసే అర్హత రాదు. ఎంత చర్మం తీస్తారని కూడా అడగాలి. కనుబొమ నుంచి వెంట్రుకల అంచు దాకా దాదాపు 20 మిల్లీమీటర్ల చర్మం మిగలాలన్నది సర్జన్లు పాటించే లెక్క. ఎక్కువ తీస్తే ఎక్కువ అందం రాదు. కన్ను మూతపడదు.

ఆపరేషన్‌ను సెలవు మొదటి వారంలోనే పెట్టుకుంటాను. పెళ్లి ఫొటోల్లో నల్లకళ్లద్దాలతో కనబడితే కొంపలేం మునగవు. కుట్లు విప్పాక ఇంకో వారమైనా అక్కడే ఉండి, వచ్చే ముందు ఒకసారి చూపించుకుని బయల్దేరతాను. ఆపరేషన్ నోట్, ముందు తర్వాతి ఫొటోలు, ఇచ్చిన మందుల జాబితా ఇంగ్లిష్‌లో చేతికి తీసుకుంటాను. అన్నింటికంటే ముఖ్యంగా, ఇక్కడ నన్ను చూడటానికి ఒప్పుకునే డాక్టర్‌తో వెళ్లకముందే అపాయింట్‌మెంట్ పెట్టుకుంటాను. ఆ ఒక్కటి దొరక్కపోతే ప్రయాణమే మానుకుంటాను.

మనం చేసుకోవాల్సినవి ఇవైతే, ఆసుపత్రులు చేయాల్సినవీ ఉన్నాయి. ఎన్నారైల కోసం ప్రత్యేక ప్యాకేజీ అని ప్రకటన ఇచ్చేవాళ్లు తిరుగు ప్రయాణం తేదీ అడగకుండా థియేటర్ డేట్ ఇవ్వకూడదు. కోఆర్డినేటర్ కాకుండా డాక్టరే మాట్లాడే రెండు మూడు వీడియో కాల్స్‌ను ప్యాకేజీలో రాసి ఇవ్వాలి. డిశ్చార్జి రోజున పూర్తి నోట్స్ ఇవ్వడం వాళ్లు చేసే ఉపకారం కాదు, పేషెంట్ హక్కు. అమెరికాలో తానా, ఆటా, నాట్స్ లాంటి సంఘాల్లో డాక్టర్లకు కొదవ లేదు. గుండె, షుగర్ పరీక్షలకు క్యాంపులు పెట్టే మన సంఘాలు, ఇండియాలో ఆపరేషన్ చేయించుకుని వచ్చేవాళ్లను ఏ ఊళ్లో ఎవరు చూస్తారో ఒక జాబితా చేసి పెడితే ఎంతోమందికి దారి దొరుకుతుంది.

నా కళ్లు ఇప్పుడు బాగున్నాయి. గీత కనబడదు. మేనేజర్ అలసిపోయావా అని అడగడం మానేశాడు. ఆయన రెండు నెలల కిందట లేఆఫ్‌లో వెళ్లిపోయాడు, ఆయన వయసు 31. అమ్మ మాత్రం వీడియో కాల్‌లో మొదటి నిమిషంలోనే పట్టేసింది. కాసేపు చూసి ‘నాన్న కళ్లు ఏం చేశావురా?’ అంది. జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ‘ముందే చెప్తే ఓ పదిరోజులు నా దగ్గర పడుకునేవాడివిగా’ అంది, అంతే.

మొన్న నార్త్ కెరొలైనా నుంచి ఒక పాత కొలీగ్ ఫోన్ చేశాడు. డిసెంబర్‌లో ఇండియా వెళ్తున్నాడట. ‘నువ్వు చేయించుకున్నావట కదా, ఏ హాస్పిటల్ అన్నా? ఎంతయింది?’ అని అడిగాడు. రెండిటికీ జవాబు చెప్పే ముందు నేను ఒక్కటే అడిగాను: ‘రిటర్న్ టికెట్ ఎప్పటికి?’